పదహారో సొరంగంలో పసుపు చేతులు

ఎండాకాలం 61వ రోజు. బయట 49. ముఖద్వారం దగ్గర 37.

పదకొండో గడి ఖాళీ. సుధామణి అక్క చలువబండి పోయింది. ఈ ఎండాకాలంలో ఇది మూడోది.

ఈ రిజిస్టరు రాయడం నా పని. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఏ గడిలో పెట్టారు, ఎన్నింటికి వెళ్ళింది. అంతకు మించి ఒక్క ముక్క రాయొద్దని, సొంత అభిప్రాయాలు అసలే వద్దని, పనిలో చేరిన రోజునే సెక్రటరీ లోకనాథం గారు చెప్పారు. రెండేళ్ళు ఆయన మాట విన్నాను. ఈరోజు నుంచి వినను.

జరిగింది ఇది. ఉదయం ఎనిమిదింటికి అక్క కొండ మీద నుంచి దిగి బండి పెట్టింది. తాళం పడి ఎర్రదీపం వెలగడం నేనే చూశాను. పదింటికి మండుగంట కొట్టారు. అందరూ సొరంగం లోపలి సగంలోకి, తడి వట్టివేళ్ళ తడికల వెనక్కి వెళ్ళి పడుకున్నారు. ఐదింటికి మళ్ళీ గంట కొట్టి తడికలు తీసేసరికి గడిలో టైరు గుర్తులు మాత్రం ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నం బయట పావుగంట నడిస్తే మనిషి పడిపోతాడు. చలువబండి మీద అయితే ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. బండి గుండెలోంచి చల్లటి నీళ్ళు తొక్కేవాళ్ళ చొక్కా గొట్టాల్లోకి తిరుగుతూ ఉంటాయి. పాముకాటు మందు, రక్తం, టీకాలు ఇప్పుడు వీటి మీదే కొండెక్కుతాయి. ఈ ఘాట్ రోడ్డు మొత్తానికి ఇరవై మూడు ఉండేవి. ఇప్పుడు ఇరవై. దొంగను వెంటాడాలంటే ఇంకో చలువబండి కావాలి. దాన్ని తొక్కేవాళ్ళు ఆ సమయానికి తడిక వెనక నోరు తెరుచుకుని నిద్రపోతుంటారు.

అక్క ఏడవలేదు. గడిలో గొంతుక్కూచుని నేల మీద టైరు గుర్తును చూపుడు వేలితో తడిమింది.

"రేపు పైగూడేలకి మందెవడు పట్టుకెళ్తాడు?" అంది.

అందరూ టైరు గుర్తు వైపే చూశారు. నేను కూడా.

62వ రోజు. బయట 48. ముఖద్వారం దగ్గర 36.

బండి తాళం తనకు తెలిసిన అరచెయ్యి పెడితేనే తెరుచుకుంటుంది, ఎవరు తెరిచినా యజమాని పేరుతోనే స్వాగతం చెబుతుంది. తెరుచుకున్న ప్రతిసారీ, తెరిచిన చేతి బొమ్మ స్టాండు పెట్టెలోకి వచ్చి పడుతుంది. పెట్టె చూసేది తాళాల మెకానిక్ నూకరాజు. లోకనాథం గారి బావమరిది. అక్కాబావల గదిలోనే ఉంటాడు.

ఈ ఉదయం అతను పెట్టెను అందరి ముందుకీ తెచ్చి, మూడు దొంగతనాల బొమ్మలూ చూపించాడు. మూడింటిలోనూ ఒకటే అరచెయ్యి. ఏటవాలుగా, చూపుడు వేలి కింద నుంచి మణికట్టు దాకా తెగిన మచ్చ. ఆ మచ్చ ఎవరిదో సొరంగంలో పసిపిల్లలకు కూడా తెలుసు. రైళ్ళు నడిచే రోజుల్లో ఈ పట్టాల మీదే పనిచేస్తూ బోల్టు జారి గవరయ్య తాత చెయ్యి చీరుకుపోయింది.

గవరయ్య తాత మా వాచ్‌మన్. డెబ్బై దాటాయి. స్టాండు పెట్టిన రోజు నుంచీ ఆయనే.

"నాను తియ్యలేదు బాబూ," అన్నాడు తాత.

"నువ్వు తియ్యకపోతే నీ చెయ్యి తీసిందా?" అన్నాడు నూకరాజు. కొందరు నవ్వారు.

"బండి అబద్ధం చెప్పదయ్యా," అన్నారు లోకనాథం గారు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు. "డెబ్బయ్యో రోజున సభ. అందాకా లోపలి కొట్టులో ఉంటావు."

సభలో ఏం తేలుతుందో అందరికీ తెలుసు. దొంగకు సొరంగంలో ఉండనిచ్చే నీడచీటీ రద్దు. సాయంత్రం గంట కొట్టాక ఒక తడి దుప్పటి, ఒక కుండ ఇచ్చి బయటకు పంపుతారు. చేర్చుకునే నీడ ముప్ఫై మైళ్ళ దూరంలో ఉంది. పోయిన ఎండాకాలంలో బియ్యం దొంగిలించాడని ఒకతన్ని పంపారు. అతను ఎక్కడికి చేరాడో ఎవరూ అడగలేదు. నేను అతను వెళ్ళిన సమయం రాశాను. ఐదూ పది. అంతే రాశాను.

ఒక్క విషయం గమనించాను. బొమ్మల్లో చెయ్యి పసుపుగా ఉంది. నూకరాజును అడుగుదామనుకున్నాను.  అతనే నా చూపు కనిపెట్టి, "పెట్టె అద్దం పాతది, రంగు మారిపోయింది," అన్నాడు.

అడగకుండానే జవాబు చెప్పాడు.

63వ రోజు. బయట 49. ముఖద్వారం దగ్గర 37.

నా తప్పు రాయాలి.

మా స్టాండులో ఒక ఆచారం ఉంది. దసరా నాడు కొత్త చలువబండ్లన్నీ వరసగా నిలబెడతారు. గవరయ్య తాత పసుపు, సున్నం, నూనె కలిపి కుడిచేతికి దట్టంగా రాసుకుంటాడు. ఒక్కో బండి ట్యాంకు నడిమధ్య అరచేతి ముద్ర వేస్తాడు. ఆ తరువాత అదే చేతిని ముఖద్వారం దగ్గరి సున్నపు గోడకు ఒకసారి అద్దుతాడు. బండికొక ముద్ర. ఇరవై మూడు బండ్లు, గోడ మీద ఇరవై మూడు పసుపు చేతులు. తాత చెయ్యి పడకుండా బండి ఎక్కితే ఘాటులో లోయ పట్టుకుంటుందని తొక్కేవాళ్ళ నమ్మకం. యజమానులు కూడా ఆయన తరువాతే చెయ్యి పెడతారు.

ట్యాంకు నడిమధ్యే తాళం కన్ను ఉంటుంది.

బండితోపాటు ఒక పుస్తకం వస్తుంది. ఇంగ్లీషులో, రెండు వందల నలభై పేజీలు. అందరూ దాన్ని తడికల కింద దోమలు రాకుండా దోపుతారు. నేను చదివాను. కాన్వెంటులో చేతికందింది చదవడం అలవాటైంది, మందు సీసా మీది అక్షరాలతో సహా. నూట పన్నెండో పేజీలో ఉంది: కొత్త తాళం మొదటి రోజు తన మీద పడిన అయిదు చేతులను ఇంటివాళ్ళ చేతులుగా గుర్తుపెట్టుకుంటుంది. మొదట ఎలా చూసిందో అలాగే గుర్తుపెట్టుకుంటుంది.

అంటే ప్రతి బండికీ మొదటి ఇంటివాడు గవరయ్య తాత. అది కూడా పసుపు రాసుకున్న గవరయ్య తాత.

ఈ సంగతి నాకు పోయిన దసరాకే తెలుసు. ముద్రలు వేస్తుంటే ఆడవాళ్ళ వెనక నిలబడి చూస్తూ ఉన్నాను. చెబుదామనుకున్నాను. ముందు అరవై మంది మగవాళ్ళు, బూర, డప్పు, ఎర్ర చొక్కాలో లోకనాథం గారు. చెప్పలేదు.

స్కూల్లో సిస్టర్ ఫిలొమినా నాతో 'నేను గట్టిగా మాట్లాడతాను' అని రెండు వందల సార్లు రాయించింది. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చాను. రాయించిందే కానీ, ఒక్కసారి కూడా మాట్లాడించలేదు.

64వ రోజు. బయట 50. ముఖద్వారం దగ్గర 37.

తాతకు అంబలి పట్టుకెళ్ళాను. కొట్టు బయట కాపలాగా ఇద్దరు బండివాళ్ళు పేకాడుతున్నారు.

"మంచుబొట్టు వచ్చింది, కాస్త చల్లబడండ్రా," అన్నాడొకడు. నా పేరు హిమబిందు. ఈ సొరంగంలో ఆ పేరుతో బతకడం కష్టం.

తాత గోడకు ఆనుకుని కూచున్నాడు. పదహారేళ్ళుగా ఆయన మధ్యాహ్నం కూచోవడం ఎవరూ చూసి ఉండరు. అందరూ పడుకున్నాక, పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా, అవతలి కొస ఊటబావి నుంచి కుండలతో నీళ్ళు మోసి తడికలు తడుపుతాడు. ఆ గంటసేపూ ముఖద్వారం దగ్గర మనిషి ఉండడు. మూడు బండ్లూ ఆ గంటలోనే పోయాయి. పెట్టె బొమ్మల మీది సమయాలు రిజిస్టరులో చూశాను.

"తాతా, ఆ సమయంలో నువ్వు నీళ్ళు మోస్తున్నావని చెప్పొచ్చు కదా."

"సెప్పినాను. ఎవులు సూసేరన్నారు. అందరూ తొంగునుంటే ఎవులు సూత్తారమ్మీ."

"ఎవరైనా నీ చేత బండి మీద చెయ్యి పెట్టించి చూశారా?"

తాత తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"లేదు. ఏటికీ?"

అంబలి గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇరవై మంది కమిటీ, అరవై మంది బండివాళ్ళు, ఒక మెకానిక్. ఇరవై బండ్లు పది అడుగుల దూరంలో ఉన్నాయి. 'ఏదీ, ఒకసారి చెయ్యి పెట్టు' అని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఒక మనిషిని చావుకు పంపే ముందు, సంతలో ముంజకాయ కొనేటప్పుడు చూసేంత కూడా చూడలేదు.

గిన్నె తాత ముందు పెట్టి గబగబా బయటకు నడిచాను. భయం అనుకున్నాను. కాదు.

66వ రోజు. బయట 49. ముఖద్వారం దగ్గర 37.

గోడ మీది చేతులకు సున్నం వెయ్యాలని కమిటీ నిర్ణయం. "దొంగ చేతులు రోజూ ఎదురుగా ఎందుకు?" అన్నారట లోకనాథం గారు. ఆయనకు ఆ మాట అందించింది ఎవరో ఉదయం ఎనిమిదింటికల్లా తెలిసింది. సున్నం బకెట్, బ్రష్షు పట్టుకుని నూకరాజే వచ్చాడు.

అప్పటికే నేను గోడ దగ్గర ఉన్నాను. ఎందుకంటే తెల్లవారగానే చీమలను చూశాను.

ఎర్రచీమలు. ముఖద్వారం రాళ్ళ సందులోంచి బారు కట్టి, గోడెక్కి, కింది వరుసలో మూడో చేతి దగ్గర ఆగుతున్నాయి. మిగతా ఇరవై రెండు చేతులనూ పట్టించుకోవడం లేదు. దగ్గరకు వెళ్ళి చూస్తే ఆ చేతి పసుపు మిగతావాటికన్నా వెలిసిపోయి ఉంది. వేళ్ళ సందుల్లో తెల్లగా ఏదో ఎండి అతుక్కుంది. గోటితో గీకాను. పిండి.

ఎవరో ఆ ముద్ర మీద పిండిముద్దను అద్ది తీశారు. గోడకు అద్దిన చేతిని మళ్ళీ గోడ మీంచి ఊడదీశారు.

"జరుగమ్మా," అన్నాడు నూకరాజు.

 రిజిస్టరు తెరిచి గోడకు అడ్డంగా నిలబడ్డాను.

"రాస్తున్నాను," అన్నాను చివరకు. "గోడ మీద ఎన్ని ముద్రలున్నాయో, ఏ బండికి ఏది అన్నదీ రిజిస్టరులో ఎక్కించాలి. అయ్యాక వేసుకోండి."

"ఎంతసేపు?"

"ఇరవై మూడున్నాయి."

ఒక్కో ముద్రనూ వేలి కణుపులతో సహా గీస్తూ పోయాను. రెండు గంటలు. అతను బకెట్ మీద కూచుని మొదటి గంట నా వైపు, రెండో గంట చీమల వైపు చూశాడు. అతని మెడ వెనక, చెవుల మీద ఎండకు లేచిన పొక్కులున్నాయి. నీడలో పనిచేసే మెకానిక్‌కు ఎండ పొక్కులు. అడిగితే వెల్డింగ్ అంటాడు. అడగలేదు.

తొమ్మిదో చెయ్యి గీస్తుండగా మండుగంట కొట్టారు. "రేపు చూద్దాంలే," అని లేచాడు.

67వ రోజు. బయట 50. ముఖద్వారం దగ్గర 38.

తెల్లవారుజామునే చోడిపిండి, అంటే రాగిపిండి, ముద్ద కలిపి గోడకు అద్దాను. పగిలిపోయింది. బియ్యప్పిండి చేతికి అంటుకుంది, గోడకు అంటలేదు. సాగే పిండి కావాలి. గోధుమపిండి.

ఈ సొరంగంలో గోధుమపిండి ఒక్కరి ఇంట్లోనే ఉంది. లోకనాథం గారికి షుగరు. ఆయనొక్కరి కోసం కింద నుంచి నెలకొక సంచీ వస్తుంది.

ఆయన భార్య చిట్టెమ్మ గారు పొయ్యి దగ్గర ఉన్నారు. పిన్నీ అని పిలుస్తాను. గుమ్మం దగ్గరే నిలబడి, ఒక చిన్న ముద్ద కావాలన్నాను.

"ఏటే, నీక్కూడా సేపలా?" అంది.

"చేపలా?"

"మా తమ్ముడూ ఇంతే. అప్పుడప్పుడూ ఒచ్చి అరచేతంత ముద్ద పట్టుకుపోతాడు. సేపలకి ఎరంట. ఇప్పటికి మూడు మాట్లు పట్టుకెళ్ళేడు, ఒక్క సేప తోకైనా తెచ్చిన పాపాన పోలేదు." ఆవిడ నవ్వుతూ ముద్ద తెంపి నా చేతిలో పెట్టింది. "మీ బాబాయికి సెప్పకే. లెక్కెట్టుకుంటాడు చపాతీలు."

ఇక్కడికి దగ్గర్లో ఒక్కటే వాగు. అది ఎండి పదకొండేళ్ళయింది.

ముద్ద పట్టుకుని గోడ దగ్గరకు ఎలా నడిచానో తెలియదు. కింది వరుసలో నాలుగో చేతి మీద అద్ది, నెమ్మదిగా తీశాను. పసుపు పైపొర లేచి వచ్చింది. మచ్చ, గీతలు, బొటనవేలి సుడి. నా చేతిలో గవరయ్య తాత చెయ్యి.

తడిగుడ్డలో చుట్టి అన్నం గిన్నెలో దాచాను.

68వ రోజు. బయట 50. ముఖద్వారం దగ్గర 38.

లేచేసరికి గోడ తెల్లగా ఉంది. ఇరవై మూడు చేతులూ లేవు. నూకరాజు బ్రష్షు కడుక్కుంటూ, "రాసుకున్నావు కదా," అన్నాడు.

సుధక్కకు అంతా చెప్పాను. బండి పోయిన దగ్గర నుంచీ ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. పైగూడేల్లో ఒక ఆడమనిషికి పాము కరిచిందని, మందు నడిచి వెళ్ళేసరికి ఆలస్యమైపోయిందని నిన్ననే కబురొచ్చింది. నేను చెప్పిందంతా విని, లేచి, గోడకున్న స్పానరు తీసుకుంది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"కొడితే దొంగ దొరకలేదంటారు. తాతను పంపేస్తారు," అన్నాను.

ఆవిడ స్పానరు దించడానికి చాలాసేపు పట్టింది.

"సరే. సభలో నువ్వే చెప్పు."

"నువ్వు చెప్పక్కా. నీ మాట వింటారు."

"నా బండి పోయింది, నేనేం చెప్పినా కడుపుమంట అంటారు. చదివింది నువ్వు. చూసింది నువ్వు. పక్కన నిలబడతాను. నోరు మాత్రం విప్పను."

69వ రోజు. బయట 49. ముఖద్వారం దగ్గర 37.

సభ రేపు మధ్యాహ్నం అనుకున్నాను. ఉదయం ఆరింటికి మార్చారు. బండివాళ్ళు తొందరగా వెళ్ళాలట.

ముద్ద ఎండకుండా గంటకోసారి గుడ్డ తడుపుతున్నాను. ఇంకోటి చేసుకోవడానికి గోడ లేదు.

70వ రోజు. బయట 38. ముఖద్వారం దగ్గర 29. (ఉదయం ఆరు.)

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఒకటో గడిలో లోకనాథం గారి బండి. దాని ముందు బల్ల. బల్ల మీద స్టాండు పెట్టె, మడిచిన దుప్పటి, కుండ. దుప్పటి, కుండ ముందే తెచ్చిపెట్టారు.

లోకనాథం గారు మాట్లాడారు. మూడు దొంగతనాలు, మూడు బొమ్మలు. గవరయ్యను కొట్టులో పెట్టాక బండి పోలేదు, అంతకన్నా రుజువేం కావాలి అన్నారు. ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగి, జవాబు కోసం చూడకుండానే దుప్పటి మీద చెయ్యి వేశారు.

"తాత చేత చెయ్యి పెట్టించండి," అన్నాను.

ఎవరికీ వినపడలేదు. సుధక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బతో రెండడుగులు ముందుకు పడ్డాను.

"తాత చేత బండి మీద చెయ్యి పెట్టించండి. మీరింతవరకూ పెట్టించలేదు."

"అమ్మాయ్, నువ్వు రాసుకో," అన్నారు లోకనాథం గారు.

"రాస్తాను. పెట్టించడానికి ఒప్పుకోలేదని రాస్తాను."

బండివాళ్ళలో ఎవరో నవ్వారు. ఎవరో "పెట్టించండయ్యా, పోయేదేముంది" అన్నారు. తాత వచ్చి, చెయ్యి చొక్కాకు తుడుచుకుని, ట్యాంకు మీద పెట్టాడు. ఎర్రదీపం కదల్లేదు. తీసి మళ్ళీ పెట్టాడు. ఎర్రదీపమే.

"పసుపు రాసుకుని తీసుంటాడు," అన్నాడు నూకరాజు వెంటనే.

"పసుపు సంగతి మీకెలా తెలుసు?" అన్నాను. "అద్దం రంగు మారిందన్నారు కదా."

 నూట పన్నెండో పేజీ చెప్పాను. ఆచారం చెప్పాను. నాకు దసరా నుంచీ తెలుసని, చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. గుడ్డ విప్పి ముద్ద తీసి ట్యాంకు మీద పెట్టాను.

ఎర్రదీపం.

మళ్ళీ పెట్టాను. ఎర్రదీపం.

"చపాతీ కాల్చలేదమ్మా, అందుకే," అన్నాడొకడు. ఈసారి అందరూ నవ్వారు. తాత కూడా నేల చూపులు చూశాడు. లోకనాథం గారు కుండ చేతిలోకి తీసుకున్నారు.

అప్పుడు నూట పద్నాలుగో పేజీ గుర్తొచ్చింది. చెయ్యి బతికున్న మనిషిదేనని తేల్చుకోవడానికి తాళం వేడి చూస్తుంది. ముప్ఫై నాలుగు దాటాలి. మధ్యాహ్నం ముఖద్వారం దగ్గర గాలే ముప్ఫై ఏడు. ఆ వేడిలో పిండికి, చేతికి తేడా ఉండదు. అందుకే మూడు బండ్లూ మధ్యాహ్నమే పోయాయి. ఇప్పుడు ఇరవై తొమ్మిది.

మధ్యాహ్నం దాకా వీళ్ళు ఆగరు.

ముద్దను గుడ్డతో సహా చంకలో పెట్టుకున్నాను. జ్వరం చూసుకునేటప్పుడు పెట్టుకున్నట్టు. అరవై మంది మగవాళ్ళ ముందు, చంక బిగించి, మూడు వందలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పైకే లెక్కపెట్టాను. నలభై దాకా నవ్వులు వినిపించాయి. వంద దగ్గర ఒకడు ఈల వేశాడు. సుధక్క అతని వైపు తిరిగి ఊరికే నిలబడింది. ఈల ఆగిపోయింది. రెండు వందల దగ్గర సొరంగంలో నా గొంతు తప్ప ఇంకేమీ లేదు. సిగ్గు ఎక్కడో నూట యాభై దగ్గర అయిపోయింది. తరువాత మిగిలిందంతా కోపమే.

మూడు వందలు. ముద్ద తీసి ట్యాంకు మీద పెట్టాను.

పచ్చదీపం వెలిగింది.

"స్వాగతం, లోకనాథం గారూ," అంది బండి.

ఆయన చేతిలో కుండ అలాగే ఉంది.

నేను చిట్టెమ్మ గారి వైపు తిరిగాను. ఆవిడ ఆడవాళ్ళ వరుసలో నిలబడి బండి మీది ముద్దనే చూస్తోంది. అడగాలి. ఆవిడ తమ్ముడు. నిన్నగాక మొన్న నాకు పిండి పెట్టిన చెయ్యి.

"పిన్నీ, ఇది మీ ఇంటి పిండి," అన్నాను. అంతకన్నా అనలేకపోయాను.

 ఆవిడ నా వైపు కాకుండా, నూకరాజు వైపు చూసింది.

"నూకా," అంది. "ఏ వాగులో పట్టేవురా సేపలు?"

 అతని పొక్కులెక్కిన చెవులు ఎర్రబడ్డాయి. లోకనాథం గారు ఏదో అనబోయారు. "మీరు మాటాడకండి," అంది ఆవిడ.

71వ రోజు. బయట 49. ముఖద్వారం దగ్గర 36.

మూడు బండ్లూ పదిహేనో సొరంగంలో దొరికాయి. అది సగం కూలిందని ఎవరూ వెళ్ళరు. రెండు సొరంగాల మధ్య ఎండ వంద గజాలే. బండి దాచి, తడిగుడ్డ కప్పుకుని నూకరాజు నడిచి వచ్చేసేవాడు, గంట కొట్టే వేళకు ఆవలిస్తూ లేచేవాడు. మూడింటికీ చలువ గుండెలు లేవు. ఊడదీసి సామాన్ల వ్యానులో కిందికి పంపేశాడు. సుధక్క తన బండి డొల్లను తోసుకుంటూ తెచ్చి పదకొండో గడిలోనే పెట్టింది.

దుప్పటి, కుండ బల్ల మీదే ఉన్నాయి. ఈసారి వాటి మీద చెయ్యి వెయ్యడానికి లోకనాథం గారు తొందరపడలేదు. బావమరిది విషయంలో ఇంకో సభ, ఇంకా విచారణ కావాలట. కావాలి. అది తాతకు కూడా కావాల్సింది.

మధ్యాహ్నం ఆయన నా దగ్గరకు వచ్చారు.

"అమ్మాయ్, అరవై రెండో రోజు, గవరయ్యను కొట్టులో పెట్టిన పేజీ ఉంది చూడు. అది కొట్టేసి, శుభ్రంగా తిరగరాయి."

"కొట్టెయ్యను," అన్నాను.

ఆయన వెళ్ళిపోయారు.

సాయంత్రం అందరూ గవరయ్య తాత చుట్టూ చేరారు. పొరపాటైపోయింది, మళ్ళీ ముఖద్వారం దగ్గర కూచోమన్నారు. వచ్చే దసరాకు ఆయన చెయ్యే పడాలన్నారు. సున్నం గోకేసి పాత ముద్రలు బయటికి తీయిస్తామన్నారు.

తాత చేతులు కడుక్కుంటున్నాడు. చాలాసేపు కడిగాడు.

"నా సెయ్యి ఇంకెవులి బండి మీదా పడదు బాబూ," అన్నాడు. "పదహారేళ్ళు నీళ్ళు మోసింది మీకు కనబడనేదు. మచ్చ కనబడింది. ఎవులి బండికి ఆళ్ళే ఎట్టుకోండి."

"అయితే మరి లోయ..." అన్నాడొకడు.

"లోయ సంగతి పుస్తకంలో ఉంటాదేమో సూసుకోండి." నా వైపు తిరిగాడు. "అమ్మీ, ఆ పొత్తకం తెలుగులో సెప్పగలవా? మొత్తం?"

"చెప్పగలను తాతా."

"అయితే సెప్పు. అందరూ ఇనాల. ఇన్నాకే బండ్లు తియ్యాల."

72వ రోజు. బయట 50. ముఖద్వారం దగ్గర 37.

మండుగంట కొట్టాక ఎవరినీ పడుకోనివ్వలేదు. ఈరోజు తడికలకు నీళ్ళు మోసింది కమిటీవాళ్ళు. తాత పడుకుని విన్నాడు.

బల్ల ఎక్కి నిలబడ్డాను. ఎదురుగా అరవై మంది బండివాళ్ళు, కమిటీ, ముందు వరుసలో లోకనాథం గారు. పుస్తకం దోమల తడిక కింద నుంచి తీసింది, అట్ట ఒక మూల చెద పట్టింది. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. బండి కడగడం, టైరు గాలి, చలువ గొట్టాలు, తాళం. ఏదీ వదల్లేదు.

ముప్ఫై ఒకటో పేజీలో ఎవరో ఆవలించారు.

చదవడం ఆపాను. లోకనాథం గారు నోటి మీంచి చెయ్యి తీశారు. ఆయన ముఖంలోకి చూశాను. ఆయనే ముందు చూపు తిప్పుకున్నారు.

పుస్తకం మూశాను. మళ్ళీ తెరిచి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.